రాయి అనే మాట పట్టుకుని

చేతిలో ఫోనున్న ప్రతివాళ్లూ ఇవాళ ఫొటోలు తీస్తున్నారు. తీసినవాటిని మళ్లీ తెరిచి చూసుకునేవాళ్లు తక్కువ. వేలకొద్దీ పోగుపడ్డ బొమ్మల్లో ఏది ఎందుకు తీశామో కొన్నాళ్లకు మనకే గుర్తుండదు. సాగర్ వెళ్తే డ్యాం, ఎత్తిపోతల వెళ్తే జలపాతం, శివరాత్రికి కోటప్పకొండ వెళ్తే ప్రభలు. అందరూ నిలబడే చోటే నిలబడి, అందరూ తీసేదే తీసి ఇంటికొచ్చేస్తాం.

ఈ అధ్యాయంలో మీరు చేయాల్సిన పని ఒకటే. ఫోను పైకెత్తకముందే ఒక మాట ఎంచుకోండి. కొన్ని నెలల పాటు ఆ మాటకు చెందినవే తీయండి. గుడి కావచ్చు, గుట్ట కావచ్చు, వంటింట్లో మూలన పడున్న సామాను కావచ్చు. ఆ మాట అందులో ఉంటే తీయండి. లేకపోతే అది ఎంత అందంగా ఉన్నా వదిలేయండి. ఇందులో కష్టమంతా ఆ వదిలేయడంలోనే ఉంది. చూపు పదునెక్కేది కూడా అక్కడే. సూర్యాస్తమయాన్ని చూసి కూడా ఫోను జేబులోనే ఉంచుకోగలిగిన రోజున, మీరు దేనికోసం వెతుకుతున్నారో మీకు తెలిసినట్టు.

మాట ఎంచుకోవడం అనుకున్నంత తేలిక కాదు. పల్నాడు జిల్లా రెంటచింతలనే తీసుకుందాం. ఆ పేరు వినగానే తెలుగువాళ్లలో ఎవరికైనా తట్టేది ఎండ. మే నెల వచ్చిందంటే వార్తల్లో ఉష్ణోగ్రతల పట్టికలో పైన కనబడే ఊరు అది. 45 డిగ్రీలు దాటడం అక్కడ వింత కాదు. అయినా మొదటి మాటగా ఎండ పనికిరాదంటాను. ఎండ లేని ఫొటో ఏది? ఏ బొమ్మనైనా అందులో కలిపేసుకోవచ్చు. అన్నిటినీ కలుపుకునే మాట దేన్నీ ఏరదు. మిరప బాగుంటుంది కానీ కళ్లాలు ఎత్తేశాక ఏడాదిలో చాలా నెలలు చేతులు ముడుచుకు కూర్చోవాలి. ధైర్యం, ప్రేమ లాంటి మాటలైతే అసలే వద్దు. వాటికి బొమ్మ తీయబోతే నటన వస్తుంది.

మొదటి మాట చేత్తో తాకగలిగిన వస్తువు పేరు కావాలి. వంటింట్లో దొరకాలి, పొలంలో దొరకాలి, జనం ప్రయాణం చేసి మరీ వెళ్లి చూసే చోటా దొరకాలి. ఆ మూడు చోట్లా దొరికితేనే పెద్ద కట్టడమూ పెరట్లో సామానూ ఒకే వరసలో నిలబడతాయి. రెంటచింతల చుట్టుపక్కల ఈ పరీక్షకు నిలిచే మాట రాయి.

పల్నాటి నేల కింద ఉన్నది సున్నపురాయి. ఎప్పుడో కోట్ల సంవత్సరాల కిందట సముద్రపు అడుగున పొరలు పొరలుగా పేరుకుని గట్టిపడింది. పొరలుగా పేరుకుంది కాబట్టే పలకలుగా విడుతుంది. ఆ పలకలే నాపరాళ్లు. దాచేపల్లి, మాచర్ల మీదుగా లారీల్లో ఊళ్లకు వెళ్లి ఇళ్లలో నేల అవుతాయి, అరుగవుతాయి, అరమర అవుతాయి, పశువుల కొట్టానికి గోడవుతాయి. అదే రాయిని పిడుగురాళ్లలో బట్టీలో కాలిస్తే సున్నం. ఫ్యాక్టరీలో బంకమట్టితో కలిపి కాల్చి పొడిచేస్తే సిమెంటు. రెండు వేల ఏళ్ల కిందట శిల్పి ఉలి పెడితే అమరావతి. ప్రపంచమంతా 'అమరావతి మార్బుల్స్' అని పిలిచే ఆ శిల్పాలు నిజానికి పాలరాయి కాదు, పల్నాటి సున్నపురాయే.

మన రాయికి ఫొటో చరిత్ర కూడా చాలా పాతది. 1845లో వాల్టర్ ఇలియట్ అనే బ్రిటిష్ అధికారి అమరావతిలో తవ్వించిన శిల్పాలు మద్రాసు చేరి ఏళ్ల తరబడి ఆరుబయట పడి ఉన్నాయి. 1858లో లిన్నేయస్ ట్రైప్ అనే సైనికాధికారి, మద్రాసు ప్రభుత్వం తరఫున పనిచేసిన ఫొటోగ్రాఫరు, వాటిని వరసగా కెమెరాలో బంధించాడు. మరుసటి ఏడాదే వాటిలో ఎక్కువ భాగం ఓడెక్కి లండన్ వెళ్లిపోయాయి. ఇవాళ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నవి అవే. వెళ్లిపోకముందు అవి ఈ దేశంలో ఎలా ఉన్నాయో చూపించే సాక్ష్యం ట్రైప్ బొమ్మలు. ఒక్క వస్తువును పట్టుకుని ఓపిగ్గా వరసగా తీసిన ఫొటోలకు ఎంత విలువ వస్తుందో తెలుసుకోవడానికి ఇంతకు మించిన ఉదాహరణ నాకు తెలీదు.

ఇక పనిలోకి దిగుదాం. పెద్దవాటితో మొదలుపెట్టడంలో తప్పులేదు, ఎలాగూ చెయ్యి అటే పోతుంది. నాగార్జునసాగర్ డ్యాంకు నెహ్రూ 1955 డిసెంబరు 10న శంకుస్థాపన చేశారు. కాలువలకు నీళ్లు వదిలింది 1967లో. నదికి అడ్డంగా సుమారు 1,450 మీటర్ల పొడవు, 124 మీటర్ల ఎత్తున నిలబడ్డ ఆ గోడ కాంక్రీటు కాదు, రాతికట్టు. ప్రపంచంలోని అతి పెద్ద రాతి ఆనకట్టల్లో ఒకటి. కూలీలు తట్టల్లో మోసి, మేస్త్రీలు ఒకదాని పక్కన ఒకటి పేర్చిన రాళ్లవి. అందరూ గేట్లు తీస్తారు, తెల్లటి నురగ తీస్తారు. మీ మాట రాయి కాబట్టి మీకు గేట్లతో పనిలేదు. రాతికీ రాతికీ మధ్య అతుకు కనబడే చోటు వెతకండి. డ్యాం దగ్గర భద్రతా నిబంధనలుంటాయి. సందర్శకులను అనుమతించిన చోటు నుంచే తీయండి, వద్దన్నచోట వాదించకండి.

ఆ జలాశయం కిందే విజయపురి ఉంది, ఇక్ష్వాకుల రాజధాని. నీళ్లొచ్చి ముంచేలోగా 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో లోయంతా తవ్వారు. ముఖ్యమైన కట్టడాలను విప్పి, నాగార్జునకొండ మీదా, ఒడ్డున అనుపు దగ్గరా మళ్లీ కట్టారు. అనుపులో ఆటల రంగస్థలం మెట్ల మీద కూర్చుని చూడండి. అక్కడి ఒక్కో రాయీ ఒకసారి ఊడి, లారీ ఎక్కి, కొత్తచోట కూర్చుంది. మొత్తం కట్టడం చట్రంలో పట్టాలని తాపత్రయపడకండి. మెట్టు అంచు ఎక్కడ అరిగిందో, ఎక్కడ కొత్త రాయి అతికించారో ఆ ఒక్కటీ దగ్గరగా తీస్తే చాలు.

మాచర్ల చెన్నకేశవస్వామి గుడి స్తంభాలు, కారెంపూడిలో కార్తీక అమావాస్య ఉత్సవాలు జరిగే వీరుల గుడి, చంద్రవంక 70 అడుగుల కిందికి దూకే ఎత్తిపోతల దగ్గర నీళ్లు కోసిన రాతి పొరలు, సత్రశాల దగ్గర కృష్ణలో నీరు తగ్గినప్పుడు తేలే బండలు. ఇవన్నీ దారిలోనే ఉన్నాయి, ఎవరైనా చూపిస్తారు. కాబట్టి వీటి గురించి ఎక్కువ చెప్పను.

నేను గట్టిగా చెప్పదలుచుకున్నది ఇంటి రాళ్ల గురించి.

ఒక ఇంటికి వెళ్లి రాయితో చేసినవి ఏమేం ఉన్నాయో అడగండి. రోలు. రుబ్బురోలు, దాని పొత్రం. సన్నికల్లు. ఇసుర్రాయి. గంధం తీసే సాన. కొడవలికి పదునుపెట్టే సానరాయి. పెరట్లో బట్టలుతికే బండ. గేదెలకు నీళ్లుపోసే రాతి తొట్టి. కట్టెల పొయ్యికి మూడు రాళ్లు. గాలికి తలుపు కొట్టుకోకుండా పెట్టిన రాయి. ఊరగాయ జాడీలో ముక్క తేలకుండా మీద పెట్టిన గుండ్రాయి. బయటికొస్తే ఊరి నడిబొడ్డున పసుపు కుంకాలతో బొడ్రాయి, చేలో హద్దురాయి, రోడ్డు పక్కన మైలురాయి, చర్చి వెనక సమాధుల తోటలో పేర్లు చెక్కిన పలకలు. గుడి మండపం బండ మీద ఎవరో ఎప్పుడో చెక్కిన పులిజూదం గీతలు. ఆడపిల్లలు అచ్చంగాయలాడే అయిదు గులకరాళ్లు. తమలపాకుకు రాసే సున్నం కూడా రాయే, కాలిన రాయి.

వీటిలో సగం మన కళ్లముందే మాయమవుతున్నాయి. మిక్సీ వచ్చాక రుబ్బురోలు చాలా ఇళ్లలో పెరటి మూలకు చేరింది. ఒకచోట మొక్కకు కుండీ అయింది, ఇంకోచోట కోళ్లకు నీళ్లు పోసే పాత్రయింది, మరోచోట సిమెంటు గచ్చు కింద పూడిపోయింది. డ్యాం ఫొటోలు లక్షల్లో ఉన్నాయి. ఇంకో వందేళ్ల తర్వాత ఎవరైనా కావాలనుకున్నా దొరుకుతాయి. మీ మేనత్త గారింటి రుబ్బురోలు ఫొటో మీరు తీయకపోతే ఇంకెవరూ తీయరు. ఒక్క మాట మీద పనిచేయమని ఇంతగా చెప్పడానికి నాకున్న కారణం ఇదే. మాట పట్టుకుంటే కెమెరా పేరున్నవాటికీ పేరులేనివాటికీ తేడా చూపదు. సాగర్ గోడకూ సన్నికల్లుకూ ఒకే గౌరవం ఇస్తుంది.

జర్మనీలో బెర్న్డ్ బెషర్, హిల్లా బెషర్ అనే దంపతులు 1959 నుంచి కొన్ని దశాబ్దాల పాటు చేసిన పని ఇలాంటిదే. నీళ్ల ట్యాంకులు, బొగ్గుగనుల బురుజులు, కొలుములు. ఎవరూ తలెత్తి చూడనివాటినే ఎంచుకున్నారు. మబ్బు పట్టిన రోజు చూసి, నీడలు లేకుండా, ఎదురుగా నిలబడి, అన్నిటినీ ఒకే తీరున తీశారు. తొమ్మిదో పన్నెండో పక్కపక్కన పెట్టి గోడకు తగిలించారు. ఒంటరిగా చూస్తే ఉత్త ట్యాంకు, వరసలో చూస్తే ఒక్కోదానికి ఒక్కో ముఖం. 1990లో వెనిస్ బినాలేలో వాళ్లకు శిల్పకళకు ఇచ్చే బహుమతి వచ్చింది. తీసింది ఫొటోలు, వచ్చింది శిల్పానికి బహుమతి!

ఆ పద్ధతి మీ వీధిలో చేసి చూడండి. తొమ్మిది ఇళ్లలో తొమ్మిది రోళ్లు. అన్నిటినీ నిటారుగా పైనుంచి తీయండి. అన్నిటికీ ఒకే ఎత్తు, ఒకే వేళ. మూడు వరసలుగా పేర్చి చూడండి. గుంట ఒకదానిలో నడిమధ్యన, ఒకదానిలో పక్కకు ఒరిగి ఉంటుంది. అది దంచిన మనిషి కూర్చున్న తీరును బట్టి అరిగిన గుంట. ఒకటి నాపరాయి కాదు, నల్లరాయి. ఒకటి అతికించింది. ఇదంతా విడిగా ఒక్కో రోలు చూసినప్పుడు కనబడలేదు.

అడగకుండా ఎవరి పెరట్లోకీ వెళ్లకండి. "పెద్దమ్మా, మీ రోలు ఫొటో తీసుకుంటాను, ఏమనుకోరుగా?" అంటే చాలామంది "రోలుకు ఫొటో ఏందయ్యా!" అని నవ్వుతారు. ఆ నవ్వు తర్వాతే అసలు సంగతులు వస్తాయి. ఎవరి కాపురం నాటిది, ఎక్కడినుంచి బండి మీద తెచ్చారు, గంటు కొట్టడానికి ఎవరొచ్చేవాళ్లు. మొదట కూర్చుని ఆ కబురు వినండి, ఫొటో తర్వాత. ఫోను వెనక ముఖం దాచుకుని వినడం వినడం కాదు. క్వారీల్లోనూ అంతే. రాళ్లు కొట్టేవాళ్లకు అది అన్నం పెట్టే పని. వాళ్ల ముఖాలు తీయాలంటే వాళ్ల ఇష్టం కావాలి. చేతులు, సుత్తి, గునపం కూడా అడిగే తీయండి. పేలుళ్లు జరిపే క్వారీకి యజమాని అనుమతి లేకుండా, మనిషి తోడు లేకుండా కాలుపెట్టొద్దు. సున్నపు బట్టీల దగ్గర దుమ్ముకు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి, లెన్సుకూ మూత కావాలి.

వెలుతురు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే రాయి బొమ్మలో సగం పని వెలుతురుదే. నడినెత్తిన సూర్యుడుండగా తీసిన రాయి చదునుగా, ప్రాణంలేని పలకలా వస్తుంది. పొద్దున్నే, లేదా సాయంత్రం, వెలుగు పక్కనుంచి రాతిని రాసుకుంటూ పోతున్నప్పుడు ఉలిదెబ్బలు, గీతలు, అరుగుదల అన్నీ లేస్తాయి. రెంటచింతల వేసవిలో ఇది మీ ఆరోగ్యానికీ మంచిది. ఏడింటి లోపు, మళ్లీ అయిదు దాటాక. మధ్యాహ్నపు ఎండలో ఫోను కూడా వేడెక్కి ఆగిపోతుంది. శాసనాల మీది అక్షరాలకు పక్కవెలుగు తప్పనిసరి. గుడి లోపల చీకటిగా ఉంటే, పూజారి ఒప్పుకుంటే, ఇంకొకరి చేత టార్చి రాతికి ఒక పక్కగా, దాదాపు ఆనించినట్టు పట్టించండి. కెమెరా ఫ్లాష్ వద్దు, అది ఎదురుగా కొట్టి అక్షరాన్ని చెరిపేస్తుంది. కనబడటం లేదని సుద్దముక్కతో దిద్దడం, నూనె పూయడం మాత్రం ఎన్నడూ చేయొద్దు. అది శాసనానికి చేసే హాని.

తెల్లటి సున్నపురాయి తెరనిండా ఉంటే కెమెరా దాన్ని బూడిదరంగుకు దించేస్తుంది. తెరమీద రాతి దగ్గర వేలితో నొక్కి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కొద్దిగా పైకి జరపండి. నల్లరాతికి దీనికి వ్యతిరేకం, కిందికి జరపాలి. నాపరాయి అసలు రంగు చూడాలంటే వాన వెలిసిన వెంటనే వెళ్లాలి. ఎండిన బూడిదరంగు పలక తడిసేసరికి నీలం కలిసిన నలుపుగా మారుతుంది, పొరలన్నీ బయటపడతాయి. వానాకాలాన్ని ఫొటోలకు పనికిరాని కాలం అనుకునేవాళ్లు రాయి పట్టుకున్నాక మనసు మార్చుకుంటారు. పరిమాణం తెలియడానికి పక్కన ఏదైనా ఉండనివ్వండి. చెయ్యి, చెప్పు, చెంబు, ఏదో ఒకటి. లేకపోతే గుట్టకూ గులకరాయికీ బొమ్మలో తేడా ఉండదు.

ఊళ్ల పేర్లనూ ఒకసారి చూడండి. రెంటచింతల మండలంలోనే మంచికల్లు ఉంది. కల్లు అంటే రాయే. అక్కడ దొరికిన పల్లవ సింహవర్మ ప్రాకృత శాసనం తొలి పల్లవుల చరిత్రకు ఆధారాల్లో ఒకటి. పక్కనే రెంటాలలో ఇక్ష్వాకు రాజు చాంతమూలుడి శాసనం దొరికింది. రెంటచింతల సెంటర్‌లో బస్సు దిగి ఆటో ఎక్కితే చేరుకునే దూరంలో ఇంత చరిత్ర రాతిమీద రాసి ఉందని తెలిశాక, ఊరి బోర్డు ఫొటో కూడా ఈ వరసలోకి వస్తుంది.

అదే మండలంలో గోలి. ఈ ఒక్క ఊరే ఒక అధ్యాయానికి సరిపోతుంది. 1926లో ఫ్రెంచి పండితుడు జూవో దుబ్రెయ్ ఇక్కడ బౌద్ధ స్తూపం జాడ కనుక్కుని తవ్వించాడు. బయటపడ్డ చెక్కడపు పలకల్లో వెస్సంతర జాతకం ఉంది. తనదగ్గరున్న ఏనుగును, రథాన్ని, చివరికి పిల్లలను కూడా దానమిచ్చేసిన రాజకుమారుడి కథ. వరసగా, ఒక ఘట్టం పక్కన ఒకటి, పొడవాటి రాతిపట్టీ మీద చెక్కారు. టి.ఎన్. రామచంద్రన్ 1929లో వాటిమీద పుస్తకం రాశారు. ఆ శిల్పాలు ఇప్పుడు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉన్నాయి.

మరి గోలి వెళ్లి ఏం తీయాలి? ఆ రాళ్లు లేని నేలను తీయాలి. స్తూపం ఉన్నచోట ఇప్పుడేముందో అది. ఊళ్లో పెద్దలను అడిగి, ఆ చోటు చూపించమనండి. మిరపచేనో, ముళ్లకంపో, ఖాళీ గట్టో, ఏది ఉంటే అది ఎదురుగా నిలబడి నిజాయితీగా తీయండి. ఆ తర్వాత వీలు చూసుకుని రైలెక్కి చెన్నై వెళ్లండి. మ్యూజియంలో ఫొటోలకు ఉన్న నిబంధన కనుక్కుని, రుసుముంటే కట్టి, ఆ పలకను తీయండి. ఈ రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టినప్పుడు కలిగే బాధ పుస్తకం చదివితే కలగదు. ఒకే మాట మీద పనిచేసేవాళ్లు ఉన్నవాటితో పాటు లేనివాటిని కూడా చూడటం ఇలా నేర్చుకుంటారు. చూపు పెరగడమంటే నా లెక్కలో ఇదే.

బొమ్మలు పోగయ్యాక ఏరడం ఉంటుంది. వందలో ఇరవై ఉంచండి. ఏరేటప్పుడు అందంగా ఉందా అని అడగొద్దు. ఈ బొమ్మ తీసేస్తే వరసలో లోటు తెలుస్తుందా అని అడగండి. డ్యాం ఒక పక్క, అచ్చంగాయల రాళ్లు ఇంకో పక్క పెట్టి చూడండి. సమాధి పలక పక్కన పొత్రం పెట్టండి. పెద్దదాని తర్వాత పెద్దది వస్తే కన్ను అలిసిపోతుంది. పెద్దదాని తర్వాత అరచేతిలో పట్టేది రావాలి.

ప్రతి బొమ్మకూ నాలుగు సంగతులు రాసిపెట్టుకోండి: ఊరు, తేదీ, ఆ రాయిని దేనికి వాడతారు, ఇంటివాళ్లు దాన్ని ఏ పేరుతో పిలుస్తారు. రేపు రాద్దామనుకుంటే పేరు పోతుంది. సన్నికల్లును పక్క ఊళ్లోనే ఇంకో పేరుతో పిలవచ్చు. ఆ పేరు ఉన్నది ఉన్నట్టు రాయండి, పుస్తకం మాటగా దిద్దకండి. ఎవరి ఇంటి పేరూ, ఎవరి ఫోను నంబరూ బయట పెట్టొద్దు.

వికీమీడియా కామన్స్‌లో ఎవరైనా ఉచితంగా ఫొటోలు చేర్చవచ్చు, వాటిని తెలుగు వికీపీడియా వ్యాసాల్లో వాడుకుంటారు. మన ఊళ్ల వ్యాసాలు చాలావాటికి తగిన బొమ్మలే లేవు. గోలి స్తూపం చోటు, మంచికల్లు ఊరిబోర్డు, నాపరాళ్ల అరుగు లాంటివి అక్కడ చేరిస్తే ప్రపంచంలో ఎక్కడున్న తెలుగువాళ్లయినా చూస్తారు. రెండువేల పది నుంచి 'వికీ లవ్స్ మాన్యుమెంట్స్' పేరుతో కట్టడాల ఫొటోల పోటీ కూడా జరుగుతోంది. ముందు మాత్రం చేయాల్సిన పని ఇంకొకటుంది. ఊళ్లో ఫొటో స్టూడియోలో రోలు బొమ్మలన్నీ మ్యాట్ కాగితం మీద అచ్చు వేయించి, వెనక తేదీ రాసి, ఏ ఇంటి రోలు ఆ ఇంటివాళ్లకు ఇచ్చి రండి. ఇచ్చినప్పుడు కనీసం ఇద్దరు ముగ్గురైనా, "మా అమ్మగారింట్లో ఇంతకన్నా పాతది ఉందయ్యా" అని ఇంకో ఊరి పేరు చెబుతారు. తర్వాతి వారం ఎటు వెళ్లాలో అలా తెలుస్తుంది.